బి.ఏ. విద్యార్థికి భౌతిక శాస్త్రం అర్థమవుతుందా? అడ్డుపడేది లెక్కలు కాదు, మాటలు

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఇంటర్‌లో సి.ఇ.సి. చదివారు. ఇప్పుడు హనుమకొండలో బి.ఏ. రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌కు ఐచ్ఛికాంశంగా భౌతిక శాస్త్ర పరిచయం తీసుకున్నారు. పదో తరగతిలో సూత్రాలు బట్టీ పట్టి గట్టెక్కారు, లెక్కలంటే ఇప్పటికీ భయమే. రెండు వారాల క్లాసులు విన్నా ఏదీ తలకెక్కడం లేదు. సబ్జెక్టు మార్చుకోవడానికి ఇంకా వారం గడువుంది. మార్చుకోవాలా, ఉండాలా?

ఉండండి. మార్చుకోవద్దు. ఈ స్థాయి భౌతిక శాస్త్రానికి కావలసిన లెక్కలు మీకు ఇప్పటికే వచ్చు. కూరగాయల కొట్టులో ముప్పావు కిలో ధర మనసులో కట్టగలిగితే చాలు. మిమ్మల్ని ఆపుతున్నది లెక్కలు కావు, మాటలు. బలం, శక్తి, పని, వేడి, బరువు, కరెంటు... ఇవన్నీ మీరు పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాటలే. భౌతిక శాస్త్రం అవే మాటలు తీసుకుని, ఒక్కోదానికి ఇరుకైన, కచ్చితమైన అర్థం పెట్టుకుంది. ఆ సంగతి ఎవరూ ముందే చెప్పకపోవడంతో, పాఠంలో 'బలం' అని వినగానే మీ మనసులో పాత అర్థమే లేస్తుంది. అక్కడి నుంచి ప్రతి వాక్యమూ కాస్త పక్కకు జరుగుతూ పోతుంది.

హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ క్లాసులకు భౌతిక శాస్త్రం చెబుతున్నాను. అందులో పదకొండేళ్లు బి.ఏ., బి.కాం. విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాను. ఈ సమాధానం ఆ పదకొండేళ్ల నుంచి వచ్చినది.

మొదటి రోజు పుస్తకం తెరవను. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి నిలువుగా పైకి ఎగరేసి పట్టుకుంటాను. "చేయి వదిలిన తర్వాత బిళ్ల ఇంకా పైకి పోతూ ఉంది కదా, ఆ సమయంలో దాని మీద పనిచేస్తున్న బలాలు ఏవి? కాగితం మీద రాయండి" అంటాను. మీరూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ జవాబు రాసుకోండి. తర్వాతే కిందికి చదవండి.

దాదాపు ప్రతి ఏడాదీ క్లాసులో ఎక్కువమంది రాసేది ఒకటే: "చేయి ఇచ్చిన బలం పైకి నెడుతోంది, అది తగ్గుతూ పోతుంది. భూమి ఆకర్షణ కిందికి లాగుతోంది. పైన రెండూ సమానమై బిళ్ల ఆగుతుంది. తర్వాత భూమి గెలుస్తుంది." చాలా సహజమైన జవాబు, కానీ తప్పు. చేతిని వదిలిన క్షణం నుంచీ బిళ్ల మీద ఉన్న బలం ఒక్కటే, భూమి ఆకర్షణ. గాలి అడ్డుకోవడం కొద్దిగా ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. పైకి పోతున్నప్పుడూ కిందికే, శిఖరం దగ్గర వేగం సున్నా అయినప్పుడూ కిందికే, దిగుతున్నప్పుడూ కిందికే. అదే బలం, అంతే పరిమాణం.

"మరి పైకి ఎందుకు పోతోంది సార్?" అని అడుగుతారు. ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. మన భాషలో 'ఊపు' అనే మాట ఉంది, 'విసురు' అనే మాట ఉంది. పరుగెత్తి వచ్చినవాడు గీత దగ్గర ఆగలేకపోతే "ఊపులో వచ్చాడు" అంటాం. ఎవరూ నెట్టకపోయినా వస్తువు తనతో మోసుకుపోయేది ఊపు. పుస్తకంలో దాని పేరు ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని (వస్తువులో ఎంత పదార్థం ఉందో దాన్ని) వేగంతో గుణిస్తే వచ్చేది. చేయి బిళ్లకు ఇచ్చి పంపింది ఊపు. బలం మాత్రం చేతి దగ్గరే ఆగిపోయింది. బలం ఒక వస్తువు లోపల నిల్వ ఉండేది కాదు, ఒక వస్తువు ఇంకో వస్తువు మీద చేసేది. కాబట్టి ఎక్కడ 'బలం' అనే మాట కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చేస్తున్నారు? ఎవరి మీద? మొదటి ప్రశ్నకు వేలితో చూపగలిగే జవాబు లేకపోతే అక్కడ ఆ బలం లేదు. నా విద్యార్థుల్లో సగం మందికి ఈ రెండు ప్రశ్నలతోనే మొదటి యూనిట్ తేలికైంది.

ఊపును చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, క్యారమ్ బోర్డు చాలు. పౌడర్ చల్లని బోర్డు మీద స్ట్రైకర్‌ను ఒక దెబ్బ కొట్టండి. జానెడు పోయి ఆగుతుంది. పౌడర్ చల్లి వీలైనంత వరకు అదే దెబ్బ కొట్టండి. అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. వేలు ఇచ్చింది రెండుసార్లూ ఒకటే. తగ్గింది ఘర్షణ. ఇంకా నున్నటి బోర్డు, ఇంకా మెత్తటి పౌడర్ ఉంటే? అసలు ఘర్షణే లేకపోతే? ఎప్పటికీ ఆగదని మీరే చెబుతారు. గెలీలియో నాలుగు వందల ఏళ్ల కిందట వాలుబల్లల మీద గోళీలు దొర్లించి చేసిన ఆలోచన ఇదే. అంతకు ముందు రెండు వేల ఏళ్ల పాటు అరిస్టాటిల్ దారిలో చాలామంది మేధావులు కదలికకు బలం ఎప్పుడూ కావాలనే అనుకున్నారు. ఎడ్లు ఆగితే బండి ఆగడం రోజూ చూసేవాళ్లకు అలా అనిపించడం న్యాయమే. మీ జవాబు తప్పయిందని చిన్నబుచ్చుకోకండి, రెండు వేల ఏళ్ల తప్పు అది.

ఎం.పి.సి. వాళ్లకు ఇదంతా పుట్టుకతో వచ్చినట్టు మీరు అనుకుంటున్నారు. అదీ నిజం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు ఇలాంటి మాటల ప్రశ్నలు ఇచ్చారు. పెద్ద లారీ, చిన్న కారు ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుంది, ఆ తరహావి. రెండూ సమానమే అన్నది జవాబు. కష్టమైన లెక్కలు చేయగలిగిన పిల్లలే అక్కడ తడబడ్డారు. ఒక విద్యార్థి అయితే, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. ఆ ప్రశ్నను నేను చాలా గౌరవిస్తాను. తన మనసులో రెండు వేర్వేరు ప్రపంచాలు ఉన్నాయని ఆమె గుర్తించింది. ఆ తర్వాత మజూర్ తన బోధనా పద్ధతినే మార్చుకుని, క్లాసులో విద్యార్థులు పక్కవారితో వాదించుకుని జవాబు తేల్చుకునేలా చేశారు. నా క్లాసులోనూ బి.ఎస్సీ. పిల్లలకు రూపాయి బిళ్ల ప్రశ్న ఇస్తే చాలామంది మీలాగే రాస్తారు. సూత్రం వచ్చి ఉండటం వల్ల వాళ్లకు అనుమానం రాదు, అంతే తేడా.

ఇప్పుడు 'పని' సంగతి. దీన్ని నేను ఒక విద్యార్థిని దగ్గర నేర్చుకున్నాను.

బలం చూపిన దిశలో వస్తువు కదిలితేనే పని జరిగినట్టు. బస్తా భుజాన పెట్టుకుని కదలకుండా నిలబడితే బస్తా మీద పని సున్నా. సమతలం మీద నిదానంగా ఒకే వేగంతో నడిచినా, భుజం పైకి చూపే బలం చేసే పని సున్నాయే. చాలా ఏళ్ల కిందట నేను ఇదే వాక్యాన్ని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. "అయితే మా నాన్న పొద్దంతా పని చేయనట్టేనా సార్?" అంది. ఆ గొంతులో నొప్పి ఉంది. నేను వాక్యం చెప్పిన తీరు తప్పని నాకు అప్పుడు అర్థమైంది.

ఆమెకు ఆ రోజు ఇచ్చిన జవాబునే ఇప్పుడు ప్రతి ఏడాదీ ముందుగా చెబుతాను. ఇక్కడ 'పని' అంటే మన పని కాదు. మనిషి శ్రమకు విలువ కట్టే మాట కాదు. ఒక వస్తువుకు బయటి నుంచి ఎంత శక్తి అందిందో కొలిచే మాట, అంతే. నిలబడిన హమాలీ నుంచి బస్తాకు శక్తి అందడం లేదు, అది నిజం. కానీ ఆయన కండరాల్లో పోగులు క్షణక్షణం బిగుస్తూ సడలుతూ ఉంటాయి. తిన్న తిండిలోని శక్తి అక్కడ ఖర్చవుతూ వేడిగా మారుతూ ఉంటుంది. చెమట పట్టేది అందుకే, అలసిపోయేది అందుకే. బస్తాను మేకుకు వేలాడదీస్తే మేకు అలసిపోదు, ఎందుకంటే మేకులో ఖర్చయ్యేది ఏమీ లేదు.

తర్వాత ఇద్దరం కలిసి లెక్క వేశాం. యాభై కిలోల బస్తాను నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న లారీలోకి ఎత్తితే దానికి అందే శక్తి 50 × 9.8 × 1.5 (ఇందులో 9.8 భూమి ఆకర్షణను చూపే సంఖ్య), అంటే 735 జౌళ్లు. శక్తిని కొలిచేది జౌళ్లలోనే. మన కరెంటు మీటరు చూపే ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. భాగిస్తే దాదాపు 4,900. ఒక్క యూనిట్‌తో నాలుగు వేల తొమ్మిది వందల బస్తాలు లారీ ఎక్కుతాయి. ఆమె మరునాడు వచ్చి, "సీజన్‌లో నాన్న రోజుకు మూడు వందలు ఎత్తుతాడట సార్. పదహారు రోజులకు ఒక యూనిట్" అంది. ఆయన ఒళ్లు ఖర్చు చేసే మొత్తం శక్తి దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఇది బస్తాకు చేరినది మాత్రమే అని చెప్పాను. అయినా ఆ పదహారు రోజులు అనే మాట నన్ను వదల్లేదు. బొగ్గు, కరెంటు రాకముందు మనుషుల ఒళ్లు ఎంత మోసిందో చరిత్ర పాఠం చదివే విద్యార్థికి ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు తెలియదు. ఇంతా చేసి ఇందులో ఉన్నది ఒక గుణకారం, ఒక భాగహారం.

యూనిట్ మాట వచ్చింది కాబట్టి 'కరెంటు' గురించి. కరెంటు పోయింది అంటాం, కరెంటు షాక్ కొట్టింది అంటాం, కరెంటు బిల్లు వచ్చింది అంటాం. ఒకే మాటతో మూడు వేర్వేరు విషయాలు చెబుతున్నాం. తీగలో పారేది విద్యుత్ ప్రవాహం, దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. దాన్ని పారేలా చేసేది వోల్టేజీ. బిల్లులో మనం డబ్బు కట్టేది ఈ రెండింటికీ కాదు, వాడుకున్న శక్తికి. ఆ శక్తిని ఎంత త్వరగా వాడుతున్నామో చెప్పేదాన్ని పుస్తకంలో సామర్థ్యం అంటారు, దాన్ని వాట్లలో కొలుస్తారు. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటలకు కొంచెం పైగా తిరిగితే ఒక యూనిట్.

వాట్ అంటే కుళాయి ధార ఎంత జోరుగా ఉందో, యూనిట్ అంటే బిందె ఎంత నిండిందో. రామగుండం ఎన్‌టీపీసీ పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు అంటే అది ధార జోరు. అక్కడి యంత్రాలన్నీ పూర్తిగా నడిస్తే గంటకు 26 లక్షల యూనిట్లు. రాజనీతి, ఆర్థిక శాస్త్రం చదివే మీరు రేపు విద్యుత్ విధానం మీద వ్యాసం రాయాల్సి వస్తుంది. "రోజుకు ఇన్ని మెగావాట్లు వాడాం" అన్న వాక్యం ఎదురైతే అందులో ఏదో తేడా ఉందని మీకు వెంటనే తట్టాలి. ఈ కోర్సు మీకు ఇవ్వగలిగినది అలాంటి చూపు.

వేడి కూడా అలాంటి మాటే. "ఒళ్లు వేడిగా ఉంది" అన్నప్పుడు మనం చెప్పేది ఉష్ణోగ్రత. "పొయ్యి వేడి తగిలి నీళ్లు కాగాయి" అన్నప్పుడు చెప్పేది ఉష్ణం, అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోయే శక్తి. అగరుబత్తి కొన బకెట్‌లోని గోరువెచ్చని నీళ్లకంటే ఎంతో ఎక్కువ ఉష్ణోగ్రతలో ఉంటుంది. కానీ స్నానానికి సరిపడా ఉష్ణం ఇవ్వగలిగేది బకెట్‌లోని నీళ్లే.

దీనికి మన ఇళ్లలోనే మంచి ఉదాహరణ మట్టి కుండ. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్లు కావాలి. ఒక గ్రాము నీరు ఒక్క డిగ్రీ చల్లబడితే వదిలేది 4.2 జౌళ్లే. అంటే కొంచెం నీరు ఆవిరైతే చాలా నీరు చల్లబడాలి. పది లీటర్ల కుండలోంచి వంద గ్రాములు, అంటే అర గ్లాసు నీరు ఊరి ఆవిరైతే, ఆ ఉష్ణమంతా లోపలి నీటి నుంచే తీసుకుంటే, ఐదు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. బయటి గాలి నుంచి కూడా కుండలోకి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా తగ్గేది అంత ఉండకపోవచ్చు. ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. మే నెల వడగాలిలో మన కూలర్లు హాయిగా పనిచేసి, జూలైలో వాన పడి ఉక్కపోసినప్పుడు ఎందుకు పనిచేయవు? కుండను అర్థం చేసుకుంటే కూలర్ జవాబు మీరే చెప్పగలరు.

'బరువు' గురించి క్లుప్తంగా చెబుతాను. వ్యోమగాములు తేలుతుంటే అక్కడ భూమి ఆకర్షణ లేదని అనుకుంటాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఉన్న దూరానికి మూడు రెట్లు కూడా కాదు. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉన్నారు, అందుకే కాళ్ల కింద నేల తోస్తున్నట్టు తెలియదు. ద్రవ్యరాశి ఎక్కడికి పోయినా మారదు, భారం, అంటే ఆ వస్తువును ఆకర్షణ లాగే బలం, మారుతుంది.

ఇక లెక్కలు ఎంత కావాలి? సమీకరణాలు సాధించడం కాదు, ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో చెప్పగలగాలి. కాజీపేట రోడ్డు మీద బైకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే బైకు అరవైతో పోతే, బ్రేకు పట్టిన తర్వాత ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. గతిశక్తి, అంటే కదలిక వల్ల వస్తువుకు ఉండే శక్తి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి. రెండు రెట్లకు నాలుగు, మూడు రెట్లకు తొమ్మిది. ఈ ఒక్క అనుపాతం అర్థమైనవాళ్లు రాత్రిపూట బండి నడిపే తీరు మార్చుకున్నామని చెప్పినప్పుడు నాకు కలిగే సంతోషం మార్కుల పట్టికలో కనిపించదు. దీనికి తోడు గ్రాఫు చదవడం రావాలి. ఎగువకు వాలితే ఏమిటి, అడ్డంగా ఉంటే ఏమిటి అన్నంత వరకు చాలు. ఆర్థిక శాస్త్రంలో డిమాండ్ రేఖ చదివారు కదా, ఆ నేర్పే ఇక్కడా పనికొస్తుంది.

చదివే పద్ధతి ఒక్కటే చెబుతాను. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎడమ పేజీలో ముందు మీ అంచనా, ఎందుకలా అనుకుంటున్నారో కారణంతో సహా, తెలుగులో మామూలు వాక్యాల్లో రాయండి. తర్వాత చేసి చూడండి. కుడి పేజీలో జరిగింది రాయండి. అంచనా రాయకుండా ప్రయోగం చూస్తే "ఆ, నాకు తెలిసిందే" అని మనసు తనను తానే మోసం చేసుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున స్టీలు చెంబును, చెక్క పీటను ముట్టుకుని ఏది ఎక్కువ చల్లగా ఉందో రాయండి. రాత్రంతా రెండూ ఒకే గదిలో ఉన్నాయి, థర్మామీటర్ పెడితే రెండింటి ఉష్ణోగ్రత ఒకటే. మరి చేయి ఎందుకు అలా చెప్పింది? అలాగే రామప్ప గుడికి వెళ్లినప్పుడు, 1213 నాటి ఆ ఆలయ శిఖరంలో వాడిన ఇటుక నీటి మీద తేలుతుందని విని ఆశ్చర్యపడి వదిలేయకండి. మట్టి రేణువు నీటిలో మునుగుతుంది. అదే మట్టితో చేసిన ఇటుక ఎలా తేలింది? లోపల ఉన్న ఖాళీలను, వాటిలోని గాలిని కూడా కలిపి సాంద్రత లెక్క కట్టండి.

పుస్తకాల విషయానికి వస్తే, మన పాఠశాల ఎనిమిది, తొమ్మిది తరగతుల భౌతిక శాస్త్ర పుస్తకాలు తెలుగులో తెచ్చుకోండి. చలనం, గమన నియమాలు, పని–శక్తి, ధ్వని పాఠాలు చాలు. డిగ్రీ విద్యార్థి బడి పుస్తకం చదవడంలో నామోషీ లేదు. మీ పరీక్ష ఇంగ్లీషులో ఉంటే ప్రతి తెలుగు పదం పక్కన ఇంగ్లీషు పదం రాసుకోండి, కానీ ఆలోచన మాత్రం ముందు తెలుగులో నడవనివ్వండి.

రెండు హెచ్చరికలు. మీ సిలబస్‌లో చివరి యూనిట్‌గా పరమాణువు, క్వాంటం వంటివి ఉండవచ్చు. అక్కడ నిత్యజీవితపు ఉదాహరణలు అంతగా సాయపడవు, మాటలతో అందేది కొంత వరకే. ఆ యూనిట్‌ను చివరికే ఉంచండి. ఫోన్‌లో కనిపించే ఆకర్షణీయమైన వీడియోలతో దాన్ని ముందే మొదలుపెట్టకండి. బలం అంటే ఏమిటో స్థిరపడకముందే అవి చూసినవాళ్లు పెద్ద మాటలు నేర్చుకుని, చిన్న ప్రశ్నల దగ్గర చిక్కుకుపోవడం చాలాసార్లు చూశాను. రెండోది, పరీక్షలో నిర్వచనాలు అడుగుతారు, వాటిని కూడా నేర్చుకోవాల్సిందే. అయితే నిర్వచనం చివర నేర్చుకోండి. రూపాయి బిళ్ల, క్యారమ్ బోర్డు, కుండ అయిపోయాక ఆ నిర్వచనం రెండుసార్లు చదివితే గుర్తుండిపోతుంది. ముందే బట్టీ పడితే పరీక్ష హాలు గుమ్మం దాటగానే పోతుంది.

గడువుకు ఇంకా వారం ఉందన్నారు కదా. ఈ వారం క్లాసు నోట్సు పక్కన పెట్టి మూడు పనులు చేయండి. రూపాయి బిళ్లను ఎగరేసి, పైకి పోతున్నప్పుడు, శిఖరం దగ్గర, దిగుతున్నప్పుడు మూడు బొమ్మలు గీసి, ఒక్కోదాని మీద బలాల బాణాలు పెట్టండి. క్యారమ్ బోర్డు మీద పౌడర్ ఉన్నప్పుడు, లేనప్పుడు స్ట్రైకర్ పోయిన దూరం జానలతో కొలవండి. కూలర్ ప్రశ్నకు మీ జవాబు ఐదు వాక్యాల్లో రాయండి. ఈ మూడూ చేశాక కూడా ఎక్కడ తెగడం లేదో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపండి. చదివి జవాబిస్తాను.